తండ్రి వైపు లెక్క

ముప్ఫై ఒక్క ఏళ్ళు చేసిన ఉద్యోగం పేరు చెబితే మా చుట్టాల్లో చాలామందికి అర్థమయ్యేది కాదు. సర్వే కంపెనీ అంటే పొలాలు కొలుస్తాననుకుని మా అత్తగారు చాన్నాళ్ళు జాలిపడ్డారు. ఎండలో పడి తిరుగుతున్నానని ఆవిడ బాధ. నేనేమో షామ్‌బర్గ్ అనే అమెరికన్ ఊళ్ళో ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ పైఅంతస్తులో, ఏసీ గదిలో, కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని.

ఇప్పుడు మన పిల్లలు చాలామంది డేటా ఉద్యోగాల్లో చేరుతున్నారు. మొన్న మా వీధి చివరింటి అమ్మాయి సింధు వచ్చి, "ఆంటీ, మీరు యాక్చువల్‌గా రోజూ ఏం చేసేవారు? నాకు నెక్స్ట్ మంత్ జాయినింగ్" అని అడిగింది. ఒక్క మాటలో చెప్పలేక కాఫీ ఇచ్చి పంపించాను. ఆ అమ్మాయి కోసమూ, ఆ అమ్మాయి లాంటి వాళ్ళ కోసమూ ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. రెండొచ్చాయి, రెండూ ఆలస్యంగా వచ్చాయి, అంతే.

పని ఏమిటంటే

ఒక ఊళ్ళో జనం ఎలా బతుకుతున్నారో తెలుసుకోవాలని ఎవరికో ఉంటుంది. బడి కావచ్చు, ఆసుపత్రి కావచ్చు, ధర్మసంస్థ కావచ్చు. వాళ్ళు మా కంపెనీని అడుగుతారు. మేం ఆ ఊళ్ళో జనానికి ఫోన్లు చేసి ప్రశ్నలడుగుతాం. చదువెంత, పనేమిటి, ఇల్లు సొంతమా అద్దెదా. జవాబులన్నీ పోగుచేసి, గళ్ళలో సర్ది, ఒక రిపోర్టు రాసిస్తాం. దాన్ని చూసి వాళ్ళేదో నిర్ణయం చేస్తారు. మేం చేతులు దులుపుకుని ఇంకో ఊరి పని ఎత్తుకుంటాం.

ఇందులో తెలివంతా ఫోన్లోనో కంప్యూటర్లోనో లేదు. ఎవరిని ఏ గడిలో పెట్టాలి అన్న దగ్గరే ఉంది. ఆ పని ఎవరూ నేర్పరు. మామూలు బుద్ధి చాలనుకుంటారు. నా అనుభవంలో మామూలు బుద్ధి చేసినంత నష్టం మరేదీ చెయ్యలేదు.

ఈ దేశంలో మేం తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మీ పూర్వీకులు ఏ దేశం నుంచి వచ్చారు?" అని. తెల్లవాళ్ళంతా మొదట్లో నా కళ్ళకి ఒక్కలాగే కనబడేవారు. వాళ్ళలో వాళ్ళకి మాత్రం ఎవరు జర్మన్లు, ఎవరు ఐరిష్, ఎవరి చర్చి ఏది, పండక్కి ఎవరేం వండుతారు, ఎవరు మొండివాళ్ళు, అన్నీ తెలుసు. నాలుగు తరాల కిందట ఓడ దిగిన సంగతి ఇప్పటికీ చెబుతారు. నాకది వింతగా తోచలేదు. కులం తెలుసుకోవడానికి "మీరేమిట్లు?" అని అడగందే కాఫీ గ్లాసు చేతికివ్వని ఇళ్ళ మధ్య తెనాలిలో పెరిగినదాన్ని. ఈ వ్యవహారమంతా నాకు తెలిసిందేలే అనుకున్నాను. ఆ ధీమాయే నన్ను ముంచింది.

గనుల ఊరి పని

పన్నెండేళ్ళ కిందటి మాట. మిషిగన్ ఉత్తరపు కొసలో, పెద్ద సరస్సుకి దగ్గరగా, ఒక పాత గనుల ఊరు. గనులు ఎప్పుడో మూతపడ్డాయి. అక్కడ ఫిన్‌లాండ్ నుంచి వచ్చినవాళ్ళ సంతతీ, స్వీడన్ నుంచి వచ్చినవాళ్ళ సంతతీ ఎక్కువ. ఊరికి తూర్పు వైపు హైస్కూల్లో ఫిన్నిష్ ఇళ్ళ పిల్లలు ఎక్కువగా చదివేవారు. ఆ బళ్ళో ఒక ప్రత్యేకమైన క్లాసు నడిచేది. పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలు బడిలో ఉండగానే కాలేజీ పాఠాలు చదివి, ఆ మార్కులు కాలేజీకి తీసుకుపోవచ్చు. పాఠం చెప్పే టీచరు జీతం ఊళ్ళోని ఒక ధర్మసంస్థ ఇచ్చేది.

ఆ సంస్థ బోర్డువాళ్ళకి అనుమానం వచ్చింది. తూర్పు వైపు పిల్లలు ఎలాగూ కలప పనికీ మెషీన్ షాపులకీ పోయేవాళ్ళే కదా, వాళ్ళకి కాలేజీ క్లాసెందుకు, చేతిపని నేర్పితే పోలా అని. అది తేల్చుకోవడానికి, ఆ జిల్లాలో ఫిన్నిష్ సంతతివాళ్ళూ స్వీడిష్ సంతతివాళ్ళూ చదువులో, ఉద్యోగాల్లో, ఆదాయంలో ఎలా ఉన్నారో పోల్చి చెప్పమన్నారు. మేమిచ్చే రిపోర్టుని బట్టి ఆ క్లాసు ఉండటమో ఊడటమో అని ఒప్పందంలోనే రాసి ఉంది. చదివాను. చదివి పక్కన పెట్టాను.

మా బాసు వారెన్ నెబ్రాస్కా రైతు బిడ్డ. ఆరడుగుల పైన మనిషి, మంచివాడు. ఎవరి మీదా గొంతు పెంచడు, ఎవరి పనీ తనదని చెప్పుకోడు. ఆయనకున్న ఒక్క బలహీనత శుభ్రమైన టేబుల్, అంటే అంకెల పట్టిక. పైనుంచి కిందకి ఒక్క చూపులో అర్థమైపోవాలి, అడ్డం తిరిగే గడి ఒక్కటీ ఉండకూడదు. ఇలాంటి బాసులు మీకు చాలామంది తగులుతారు. వాళ్ళని చూసి భయపడనక్కర్లేదు గానీ, వాళ్ళు మెచ్చుకున్నప్పుడు మాత్రం కాస్త జాగ్రత్తగా ఉండండి.

రెండు నెలలు ఫోన్లు చేశాం. చిక్కొకటి వచ్చింది. చాలామంది రెండూ చెప్పారు. అమ్మ ఫిన్నిష్, నాన్న స్వీడిష్. లేదా అటుదిటు. వారెన్ నా గదికొచ్చి తలుపు పట్టుకుని నిలబడి, "సరో, ఈ రెండు చెప్పినవాళ్ళని ఏం చేద్దాం?" అన్నాడు. నా పేరు సరోజ. ఆఫీసులో అందరికీ సరోనే.

"తండ్రి వైపు ఏదైతే అదే వేద్దాం" అన్నాను.

"బాగానే ఉంది" అని వెళ్ళిపోయాడు.

అంతే జరిగింది. అర నిమిషం కూడా పట్టలేదు. చెప్పొద్దూ, నేనొక నిర్ణయం చేస్తున్నానన్న స్పృహే నాకు లేదు. ఇంటిపేరు తండ్రిది, గోత్రం తండ్రిది, పెళ్ళయితే ఆడపిల్ల అటువైపు మనిషి. పుట్టినప్పటి నుంచి విన్నది నోట్లోంచి రూలుగా వచ్చింది. రూల్స్ ఫైల్లో రాసి, పక్కన నా పొడి అక్షరాలు వేశాను.

టేబుల్ వారెన్ కోరుకున్నట్టే వచ్చింది. చదువులోనూ, ఉద్యోగాల్లోనూ, ఆదాయంలోనూ ఫిన్నిష్ వైపు వెనకబడి ఉంది. ఒక్క గడి కూడా అడ్డం తిరగలేదు. 'ఈ తేడా తరతరాలుగా కొనసాగుతోంది' అని రిపోర్టులో ఒక వాక్యం రాశాను. వారెన్ ఆ వాక్యాన్ని మీటింగులో పైకి చదివాడు. ఇంటికొచ్చి మా ఆయనకి కూడా చెప్పుకున్నాను, అంత మురిసిపోయాను.

ఐలీన్ ఫోను

రిపోర్టు వెళ్ళిన మూడో వారంలో ఒకావిడ ఫోన్ చేసింది. పేరు ఐలీన్. తూర్పు హైస్కూల్లో కౌన్సెలర్. పిల్లలు ఏ క్లాసులు తీసుకోవాలో, ఏ కాలేజీకి దరఖాస్తు పెట్టాలో దగ్గరుండి చెప్పే పని. ఆ కాలేజీ క్లాసు మొదలుపెట్టించింది ఆవిడే. గొంతులో కోపం లేదు. నిదానంగా మాట్లాడింది.

"మీ సర్వేలో మా ఇద్దరబ్బాయిలూ మాట్లాడారు. వాళ్ళు ఏ గడిలో ఉన్నారో చెప్పగలరా?"

"పేర్లు చెప్పకూడదండీ" అన్నాను.

"పేర్లొద్దు. నేను ఫిన్నిష్. మా ఆయన స్వీడిష్. పిల్లలు రెండూ చెప్పారు. అలాంటివాళ్ళని ఎక్కడ పెట్టారు?"

"స్వీడిష్‌లో."

ఆవిడ అదే నిదానంతో అంది. "మా ఊళ్ళో మగపిల్లలు గనికో అడవికో పోయేవారు. ఆడపిల్లలే చదువుకున్నారు. మా అమ్మ నర్సు. నేనూ మా ఇద్దరు చెల్లెళ్ళూ కాలేజీకి వెళ్ళాం. చదువుకున్నవాళ్ళం చదువుకున్న ఇళ్ళలోనే చేసుకున్నాం. అప్పట్లో అవి ఎక్కువగా స్వీడిష్ ఇళ్ళు. నా పెద్దకొడుకు ఇంజనీర్, చిన్నవాడు ఫార్మసిస్ట్. వాళ్ళిద్దరూ నా వంటింటి బల్ల మీద లెక్కలు చేసినవాళ్ళే. వాళ్ళని తీసుకెళ్ళి అవతలివాళ్ళకి ఇచ్చేసి, మావాళ్ళలో చదువు లేదని రాశారు."

నాకు తల తీసేసినట్టయింది. చూసి చెబుతానని ఫోన్ పెట్టేశాను.

మా దగ్గర ప్రోగ్రాములు రాసే ప్రవీణ్‌ని పిలిచాను. కరీంనగర్ అబ్బాయి, హెచ్-వన్ వీసా మీద చేరి రెండేళ్ళయింది. తల్లి వైపు లెక్క పెట్టి మళ్ళీ నడిపించమన్నాను. మధ్యాహ్నానికల్లా లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు.

"మేడమ్, అమ్మ దిక్కు పెట్టి రన్ చేసిన. ఉల్టా అయింది."

"ఉల్టా అంటే?"

"ఫిన్నిష్ వాళ్ళు పైకొచ్చిన్రు. నాకే డౌట్ వచ్చి మళ్ళొకసారి చెక్ చేసిన. గట్లనే వస్తుంది. రెండు చెప్పినోళ్ళల్ల ఎక్కువ మందికి అమ్మనే ఫిన్నిష్. వాళ్ళను సెపరేట్ చేస్తే, వాళ్ళే అందరికన్న పైనున్నరు. వాళ్ళను ఏ దిక్కు పెడితే ఆ దిక్కు గెలుస్తుంది, అంతే."

"ఈ రూలు కోడ్ చేసేటప్పుడు నీకేమీ అనిపించలేదా?"

"లేదు మేడమ్. మా ఇంట్ల గూడ గంతే గద. మా అక్క పిల్లలు వాళ్ళ నాయిన ఇంటోళ్ళే గద."

ఇద్దరం తెలుగువాళ్ళం. ఒకరు రూలు రాశారు, ఒకరు దాన్ని కోడ్ చేశారు, ఇద్దరిలో ఒక్కరికీ తప్పనిపించలేదు. నాకున్నది ఒక్కతే కూతురు. దాని పిల్లలు నా లెక్కలోకి రారని ఎవరైనా నా మొహం మీద అంటే ఊరుకుంటానా? ఆ మాటే ఒక ఊరు మొత్తానికి రిపోర్టు రాసి పంపాను. సిగ్గేసింది. ఆ రోజు భోజనం డబ్బా తెరవకుండానే ఇంటికి తెచ్చాను.

వారెన్‌తో గొడవ

ఇరవయ్యేళ్ళలో వారెన్‌తో నాకు మాట పట్టింపు రావడం అదే మొదలు. ఆయన రెండు టేబుళ్ళూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"మనం అబద్ధం చెప్పలేదు సరో. రూలు ఏమిటో అనుబంధంలో అచ్చేశాం."

"చివరి పేజీల్లో, చిన్న అక్షరాల్లో."

"అచ్చేశాం కదా. వచ్చే సర్వేలో మారుద్దాం. ఇప్పుడు ఒక ఫుట్‌నోట్ పంపుదాం."

"బోర్డు ఫుట్‌నోట్ చదవదు వారెన్. ఇంకో పది రోజుల్లో ఆ క్లాసు తీసేస్తారు."

ఆయన మాటలో అబద్ధమేమీ లేదు. ఈ వృత్తిలో ఎక్కువ తప్పులు ఇలాగే బతికిపోతాయి. ఎక్కడో ఒకచోట రాసే ఉంటుంది, ఎవరూ చదవరు. మీరు బాసులయ్యాక మీకూ ఈ దారి తేలిగ్గా కనబడుతుంది, అందుకే చెబుతున్నాను. ఆ సాయంత్రం ఆయన తనంతట తానే వచ్చి, "వెళ్ళి చెప్పు. కంపెనీ తరఫునే చెప్పు. వాళ్ళకిచ్చే ఉత్తరం కింద మాత్రం నీ సంతకమే ఉండాలి" అన్నాడు. పెట్టాను. నా మీదకి నెట్టాడని అప్పుడు ఉడుక్కున్నాను. తప్పు నాదే కాబట్టి సంతకం నాదే ఉండటం న్యాయమని తర్వాత తోచింది.

రెండో టేబుల్

షామ్‌బర్గ్ నుంచి ఆ ఊరికి కార్లో దాదాపు రోజంతా పట్టింది. విస్కాన్సిన్ దాటాక రోడ్డుకి రెండు వైపులా చెట్లు తప్ప ఏమీ లేవు. లెక్క తేలాక ఫోన్ చేసి చెబితే, ఐలీన్ ముందు తన ఇంటికి రమ్మంది. తలుపు తియ్యగానే ఏలకుల వాసన కొట్టింది. ఏలకులు వేసి బ్రెడ్ చేస్తారట వాళ్ళిళ్ళల్లో. కాఫీతో పాటు రెండు ముక్కలు పెట్టింది. నన్ను తిట్టడానికి పిలిచిందనుకున్నదాన్ని, తలొంచుకుని ఆ రెండు ముక్కలూ తినేశాను.

ఆవిడ ఎక్కువసేపు ఆగలేదు. "తల్లి వైపు లెక్క వేస్తే మా పిల్లలు ముందున్నారని ఫోన్లో చెప్పారు. ఆ టేబుల్ తెచ్చారా?"

తెచ్చాను. నా సంచీలోనే ఉంది.

"రేపు బోర్డుకి అది ఇవ్వండి. క్లాసు నిలబడుతుంది. పద్నాలుగు మంది పిల్లలు వచ్చే ఏడాదికి పేర్లిచ్చి కూర్చున్నారు."

"ఐలీన్, అది కూడా తప్పే. తండ్రి వైపు వేస్తే ఎంత తప్పో తల్లి వైపు వేసినా అంతే తప్పు. అది చూపించి మీ క్లాసు నిలబెడితే, రేపు ఇంకొకరు ఇదే పని చేసి ఇంకో క్లాసు పడగొడతారు."

ఆవిడ కప్పు కింద పెట్టింది. "మొదటి తప్పు పంపేటప్పుడు మీకు ఈ ఆలోచన రాలేదు. తప్పు మాకు పనికొచ్చే సమయానికి ఆ ఆలోచన వచ్చిందా?"

నేను సంచీ తెరవలేదు. ఆవిడ ఇంకో ముక్క బ్రెడ్ కోసి నా ప్లేట్లో పెట్టి, పొద్దున్నే తొమ్మిదింటికి లైబ్రరీలో మీటింగని చెప్పి లేచింది.

మోటెల్లో ఆ టేబుల్ తీసి చూశాను. ఎంత శుభ్రంగా ఉందో! అచ్చు మొదటిదాని లాగే ఉంది. అలా ఉండబట్టే అది ఇవ్వకుండా ఉండే ధైర్యం నాకు వచ్చింది. మళ్ళీ మడిచి సంచీలో పెట్టేశాను.

బోర్డు ముందు

ఏడుగురున్నారు. అందరికీ రిపోర్టు ప్రతులున్నాయి, 'తరతరాలుగా' అన్న నా వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీతలున్నాయి. ఐలీన్ వెనక వరసలో కూర్చుంది.

జరిగినదంతా చెప్పాను. రూలు నేను పెట్టానన్నాను. మా దేశంలో పిల్లలు తండ్రి వైపువాళ్ళని అనుకుంటాం, ఆలోచించకుండా అదే ఇక్కడ పెట్టానన్నాను. రెండు వైపులవాళ్ళూ ఒకరినొకరు పెళ్ళిళ్ళు చేసుకుని కలిసిపోయారు, వాళ్ళని విడదీసి పోల్చడమే కుదరదన్నాను. ఆ వాక్యాన్ని కొట్టేయమన్నాను.

ఒక పెద్దాయన కళ్ళజోడు తీసి అడిగాడు. "ఇంతకీ ఎవరు ముందున్నట్టు?"

"చెప్పలేనండీ."

"మరి రెండు నెలలు మీరు ఏం చేసినట్టు?"

"మీరడిగిన ప్రశ్నకి జవాబు వెతికాం. ఆ ప్రశ్న వద్దని మొదటిరోజే చెప్పాల్సింది. మీకు కావలసింది ఆ క్లాసు చదివిన పిల్లలు తర్వాత ఏమయ్యారన్నది. అది మీరు అడగలేదు, నేనూ గుర్తు చెయ్యలేదు. ఏ పిల్లల తాతలు ఎక్కడ ఓడ ఎక్కారో దానికి అక్కర్లేదు."

వాళ్ళు నన్నూ ఐలీన్‌నీ బయట కూర్చోమని గంటసేపు మాట్లాడుకున్నారు. పిలిచి తీర్పు చెప్పారు. రిపోర్టు పక్కన పెడతాం. క్లాసు వల్ల ఉపయోగం ఉందో లేదో సరిగ్గా లెక్క కట్టించి చూస్తాం. ఆ లెక్క వచ్చేదాకా టీచరు జీతం ఆపుతాం.

అంటే ఆ ఏడాదికీ, ఆ తర్వాత లెక్క తేలేదాకానూ క్లాసు లేనట్టే. రెండో టేబుల్ ఇచ్చి ఉంటే బహుశా ఉండేది. బయటికొచ్చాక ఐలీన్ కారు తలుపు తీస్తూ, "పద్నాలుగు మందికీ నేను చెప్పాలి" అని మాత్రం అంది.

నేను చేసింది సరైనదేనని అనుకుంటున్నాను. అలా అనుకుని హాయిగా ఉన్నానని మాత్రం చెప్పలేను. ఈ ఉద్యోగంలో నిజం చెబితే అంతా సర్దుకుంటుందని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. తప్పు చేసినవాళ్ళం చెప్పేసి తేలికపడతాం, దాని ఫలితం ఇంకొకరు మోస్తారు.

పద్నాలుగు మంది

ఆ కొత్త లెక్క మేమే చేశాం. ఉచితంగా చేద్దామని వారెనే అన్నాడు. క్లాసు చదివినవాళ్ళు తర్వాత ఎలా ఉన్నారో చెప్పాలంటే, చదవనివాళ్ళు ఎలా ఉన్నారో పక్కన పెట్టి చూడాలి. అదే బడి, అలాంటి ఇళ్ళే, అవే మార్కులు, చదవాలన్న కోరికా ఉండి, క్లాసు మాత్రం దొరకని పిల్లలు కావాలి. మామూలుగా అలాంటివాళ్ళు దొరకరు. ఈసారి దొరికారు, పేర్లిచ్చి క్లాసు పోగొట్టుకున్న ఆ పద్నాలుగు మంది. వారెన్ జాబితా చూసి, "ఇంతకంటే మంచి పోలిక మనకి ఎప్పుడూ దొరకలేదు" అన్నాడు, అని వెంటనే నా మొహం చూసి జాబితా మడిచేశాడు.

ఆ పద్నాలుగు మంది హైస్కూలు ముగించి ఏడాదయ్యేదాకా ఆగి, అందరికీ నేనే ఫోన్లు చేశాను. ప్రవీణ్ తను చేస్తానన్నాడు, వద్దన్నాను. వాళ్ళకీ, అంతకుముందు క్లాసు చదివినవాళ్ళకీ తేడా స్పష్టంగా కనబడింది. అది చూసే బోర్డు జీతం మళ్ళీ ఇచ్చింది. క్లాసు ఇప్పటికీ నడుస్తోంది. ఆ పద్నాలుగు మంది వెనకబడ్డారు కాబట్టే నడుస్తోంది.

వాళ్ళలో ఒకమ్మాయి కిరాణా దుకాణంలో పనిచేస్తోంది. విరామంలో ఉన్నానని చెప్పి మర్యాదగా అన్నిటికీ జవాబులిచ్చింది. నా ఫారంలో పదకొండో ప్రశ్న, హైస్కూల్లో కాలేజీ క్లాసు తీసుకున్నావా అని.

"లేదు మేడమ్. మా ఏడాదికి అది లేదు."

పన్నెండో ప్రశ్న, ఎందుకు తీసుకోలేదు అని.

"సరిగ్గా తెలీదు. లెక్కల్లో ఏదో తేడా వచ్చిందని అన్నారు."

ఆ తేడా నేనేనని చెప్పాలనిపించింది. సర్వే మధ్యలో మన సంగతులు చెప్పకూడదన్నది మొదటి నియమం, ఆ నియమం వెనక దాక్కున్నాను. ఫారంలో ఆ జవాబుకి గడి లేదు. 'ఇతర కారణాలు' అన్నచోట టిక్ పెట్టి, థాంక్యూ చెప్పి, జాబితాలో ఆ కింద ఉన్న నంబర్‌కి ఫోన్ చేశాను.